నలుగురిలో ఇంగ్లీష్ – 4వ పాఠం: మగ్గం చూపిస్తూ మాట్లాడటం

గత పాఠంలో బస్టాండులో దారి అడగడం చూశాం. అక్కడ ఒక్కో వాక్యంతో పని గడిచిపోయింది. ఈసారి నాలుగైదు వాక్యాలు వరుసగా చెప్పాలి. అందుకే భూదాన్ పోచంపల్లికి వెళ్దాం. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఎంపిక చేసిన ఉత్తమ పర్యాటక గ్రామాల్లో అదొకటి. మగ్గాలు చూడటానికి విదేశీయులు వస్తుంటారు.

ముందు పని వరుస పట్టుకోండి. నూలుకు రబ్బరు ముక్కలు కడతారు, రంగులో ముంచుతారు, విప్పుతారు, ఆ తర్వాతే నేస్తారు. అద్దకం బట్టకు నేశాక రంగు పడుతుంది. పోచంపల్లిలో నేసే ఇక్కత్‌లో మాత్రం నేయకముందే నూలు మీద డిజైన్ తయారై ఉంటుంది. వచ్చినవాళ్లు ఆశ్చర్యపోయేది ఇక్కడే, మీరు తడబడకూడనిదీ ఇక్కడే.

"ఫస్ట్, ద యార్న్ ఈజ్ టైడ్ విత్ రబ్బర్ స్ట్రిప్స్. దెన్ ఇట్ ఈజ్ డైడ్. ద టైడ్ పార్ట్స్ డోంట్ టేక్ ద కలర్. ఆఫ్టర్ దట్, ఇట్ ఈజ్ వోవెన్."

కడతారు, నేస్తారు అంటున్నప్పుడు ఎవరు కడతారో మనం చెప్పం. ఇంగ్లీషులో ఆ పని "ఈజ్" చేస్తుంది. తొందరలో దాన్ని మింగేసి "ద యార్న్ టైడ్" అనేస్తుంటారు. అప్పుడు నూలే దేన్నో కట్టినట్టు అవుతుంది! ఫోన్‌లో రికార్డు చేసుకుని "ఈజ్" వినిపిస్తోందా లేదా చూసుకోండి.

అసలు టెన్షన్ ఎదుటివాళ్లు ప్రశ్న వేసినప్పుడు మొదలవుతుంది. అర్థం కాకపోయినా నవ్వి "యెస్, యెస్" అనడం మనవాళ్లకు బాగా అలవాటు. దాన్ని మానాలి. "సారీ, కుడ్ యూ సే దట్ అగెయిన్?" అనండి. అంతకంటే మంచి పద్ధతి, అందిన ముక్కను తిరిగి అడగడం: "హౌ లాంగ్... ఫర్ వన్ శారీ?" మిగతాది వాళ్లే పూర్తి చేస్తారు.

జవాబు తెలియకపోతే ఊహించి చెప్పొద్దు. "లెట్ మీ ఆస్క్ హిమ్" అని నేసేవారి వైపు తిరగండి. "అన్నా, ఒక చీరకు ఎన్ని రోజులు పడ్తది?" ఆయన చీర లెక్క కాకుండా వార్పు (మగ్గానికి ఒకేసారి ఎక్కించే నిలువు నూలు) లెక్క చెప్పొచ్చు. అప్పుడు "వార్పుకు ఎన్ని చీరలొస్తయి?" అని కూడా అడిగి, "హీ సేస్..." అంటూ రెండూ కలిపి చెప్పండి. ధర దగ్గర ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఒకేలా వినిపిస్తాయి. అంకె ఫోన్‌లో కొట్టి చూపించడం మేలు.

ముగ్గురు కలిసి సాధన చేయండి: ఒకరు నేసేవారు, ఒకరు అతిథి, ఒకరు మధ్యలో. అతిథి వేగంగా మాట్లాడాలి, మధ్యలో అడ్డు తగలాలి. స్నేహితుడని జాలిపడి నెమ్మదిగా అడిగితే సాధన దండగ.

గద్వాల వైపు వాళ్లు తమ చీరే తీసుకోండి: "ద బాడీ ఈజ్ కాటన్, ద బోర్డర్ ఈజ్ సిల్క్. దే ఆర్ జాయిన్డ్ ఆన్ ద లూమ్." చివర్లో రెండింటి సంగతి కాబట్టి "ఆర్" వచ్చింది. వచ్చే పాఠం మందుల షాపులో.