1950ల నాటి అమెరికా ఇంటి ఫోటోను చరిత్రగా చదవడం ఎలా

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో పెరిగిన సంపద గురించి చదివే విద్యార్థికి తరచుగా ఒకే రకమైన ఫోటో ఎదురవుతుంది: కొత్త ఇల్లు, ముందు పచ్చిక, పక్కన కారు, గుమ్మంలో నవ్వుతున్న దంపతులు, వాళ్ల పిల్లలు. దాన్ని చూసి ‘అప్పట్లో అమెరికన్లు సుఖంగా బతికారు’ అని రాసి వదిలేస్తే సగం చరిత్రే రాసినట్టు. న్యూయార్క్ నగరానికి తూర్పున, లాంగ్ ఐలాండ్‌లోని బంగాళాదుంప పొలాల్లో 1947లో మొదలైన లెవిట్‌టౌన్ అనే శివారు ఇళ్ల కాలనీని ఉదాహరణగా తీసుకుందాం.

ముందుగా కనిపించే వస్తువులన్నిటినీ, మీ అభిప్రాయం కలపకుండా, కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాత ఒక్కొక్కటీ అక్కడికి ఎలా వచ్చిందో వెతకండి. తొలి ఇళ్లు సుమారు 750 చదరపు అడుగులవి. పనిని 27 దశలుగా విడగొట్టి, ఒక్కో బృందం తనకు అప్పగించిన ఒక్క పనినే ఇంటింటికీ తిరిగి చేసే పద్ధతిలో వాటిని కట్టారు. 1949లో వచ్చిన నమూనా ధర 7,990 డాలర్లు. ఫ్రిజ్, బట్టలుతికే యంత్రం అందులోనే కలిసి వచ్చేవి. 1950 నమూనాలో టీవీని మెట్ల పక్క గోడలోనే బిగించి ఇచ్చారు. ఇలాంటి వివరం దగ్గర తప్పక ఆగాలి. గోడలో బిగించిన టీవీ ఇంట్లో భాగం కాబట్టి, దాని ఖరీదు కూడా ఇంటి అప్పులో కలిసి ఏళ్ల తరబడి నెలవారీ వాయిదాల్లో తీరేది. ఆ ఏడాది అమెరికాలో టీవీ ఉన్న ఇళ్లు పదింట ఒకటి కూడా లేవు. 1960 నాటికి పదింట దాదాపు తొమ్మిదికి చేరాయి.

తర్వాత అప్పు వెనక ఎవరున్నారో చూడండి. 1944 నాటి చట్టం ప్రకారం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల గృహరుణాలకు ప్రభుత్వం హామీ ఇచ్చింది కాబట్టే చాలామంది చేతిలో రొక్కం లేకుండా సొంత ఇల్లు కొనుక్కోగలిగారు. దీన్ని కేవలం సొంత కష్టార్జితంగా వర్ణించడం నా దృష్టిలో పెద్ద పొరపాటు.

అన్నిటికంటే ఎక్కువ సమయం ఫోటోలో లేనివారి కోసం కేటాయించండి. లెవిట్‌టౌన్ తొలి అద్దె ఒప్పందాల్లో, తెల్లజాతివారు తప్ప మరెవరూ ఆ ఇంట్లో నివసించరాదని స్పష్టంగా రాసి ఉండేది. ఇంటి పనివాళ్లకు మాత్రం మినహాయింపు ఉండేది. అంటే నల్లజాతి స్త్రీ ఆ వంటగదిలో గిన్నెలు కడగవచ్చు, ఆ ఇంటిని తనదని చెప్పుకోకూడదు. అలాంటి షరతులను కోర్టులు అమలు చేయకూడదని 1948లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినా అమ్మకాల్లో వివక్ష ఆగలేదు. 1957లో పెన్సిల్వేనియాలోని మరో లెవిట్‌టౌన్‌లో ఒక నల్లజాతి కుటుంబం ఇల్లు కొని దిగినప్పుడు, గుంపులు చేరి కిటికీల మీద రాళ్లు రువ్వాయి.

చివరగా ఫోటో తీసిన ఏడాదిని, అది ప్రకటన కోసం తీసిందా, కుటుంబం దాచుకోవడానికి తీసిందా అన్న సంగతిని నమోదు చేయండి. ఆసియా నుంచి వలసలకు దారి తెరిచిన 1965 అమెరికా వలస చట్టం తర్వాత అక్కడికి వెళ్లిన తెలుగు కుటుంబాల ఆల్బమ్‌లలోనూ శివారు ఇళ్ల ఫోటోలు కనిపిస్తాయి. వాటిని చదివేటప్పుడు, జాతిని బట్టి ఇల్లు నిరాకరించడాన్ని నిషేధించిన 1968 సమాఖ్య చట్టానికి ముందు ఆ ఇంటిని కొన్నారా, తర్వాత కొన్నారా అని పెద్దవాళ్లను అడిగి, వాళ్లు చెప్పిన జవాబును ఫోటో వెనకే రాసి పెట్టండి.