లాప్‌టాప్ ఛార్జింగ్ పోర్టు వారంటీలో ఇచ్చే ముందు

• ముందు వేరే ఛార్జర్ పెట్టి చూడండి. తీరా తప్పు ఛార్జర్‌దైతే అమలాపురం నుంచి రాజమండ్రి సర్వీస్ సెంటర్‌కి వెళ్లిన బస్సు ఛార్జీ దండగ.

• టార్చి వేసి పోర్టు లోపల చూడండి. మన కోనసీమ తేమ గాలికి పిన్నుల మీద పచ్చగా చిలుము పడుతుంది. పిన్నీసుతో గీకకండి. గీత కనిపించినా, తడి తగిలిందన్నా మామూలు వారంటీలో చేయం అంటారు. ఇప్పుడే ఫోటో తీసి ఉంచుకోండి.

• వీధి చివర షాపులో విప్పించొద్దు. నేను విప్పించి నాలుక కరుచుకున్నాను.

• బిల్లు, సీరియల్ నంబరు దగ్గర పెట్టుకోండి.

• బ్యాటరీలో 20 శాతం ఉండగానే బ్యాకప్ తీయండి. పూర్తిగా పడుకున్నాక అదో టెన్షన్.

• జాబ్‌షీట్‌లో (సర్వీస్ సెంటర్ వాళ్లు లాప్‌టాప్ తీసుకుని ఇచ్చే కాగితం) "ఛార్జింగ్ ఎక్కట్లేదు, బాడీ మీద గీతలు లేవు" అని రాయించుకోండి. ఊరికే తిప్పుకుంటుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.