గాబ్లిన్లు ఎందుకు పోరాడుతున్నారు? డంజన్ మాస్టర్ ముందే తేల్చుకోవడం ఎలా?

నలుగురు గాబ్లిన్లు, అంటే కథల్లోని పొట్టి రాక్షసులు, దారికాచి ఆటగాళ్ల పాత్రల మీద పడ్డారు. ముగ్గురు నేలకూలినా నాలుగోవాడు కత్తి దించలేదు. డైస్ వేస్తూ కలిసి కథ నడిపే ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్. దాని ఐదో ఎడిషన్ తొలి పుస్తకాల్లో గాబ్లిన్‌కు ఉన్నవి 7 హిట్ పాయింట్లు, అంటే ప్రాణబలం. ఒక్క దెబ్బకు పోయే ప్రాణి అంత మొండిగా ఎందుకు నిలబడినట్టు? ఆట నడిపే డంజన్ మాస్టర్ దగ్గర జవాబు లేకపోతే మిగిలేది డైస్ చప్పుడే.

1. వాళ్లకు ఏం కావాలో ఒక్క వాక్యం రాసుకోండి. "దోపిడీ" అంటే చాలదు. "గుహలో పిల్లలు మూడు రోజులుగా పస్తు, ఆ గుర్రం కావాలి" అని రాయండి. ఎత్తుగడ అందులోంచే పుడుతుంది. ఇద్దరు పొదల్లోంచి బాణాలు వేస్తుంటే, ఇద్దరు గుర్రం పగ్గం కోస్తారు. గుర్రం చిక్కగానే అందరూ పరుగో పరుగు. ఆటగాళ్ల జట్టులోని మాంత్రికుణ్ణి చంపాల్సిన పని వాళ్లకేముంది?

2. ఎక్కడ వెనక్కి తగ్గుతారో తేల్చుకోండి. ఈ ఆట 1981 నాటి బేసిక్ రూల్స్‌లో దీనికి మొరేల్ (గుండెధైర్యం) అనే అంకె ఉండేది. తమలో మొదటివాడు చచ్చినప్పుడు ఒకసారి, సగం మంది పడిపోయినప్పుడు ఇంకోసారి రెండు డైస్ వేస్తారు. అంకె మించి పడితే పలాయనమే. గాబ్లిన్లకు అది 7, వాళ్ల రాజు దగ్గరుంటే 9. రాజు మీద భయమో భక్తో, ఆ రెండు అంకెల తేడాలోనే ఉంది. మీది కొత్త ఎడిషన్ అయినా ఈ పద్ధతి వాడుకోవచ్చు.

3. కారణం ఆటగాళ్ల కంట పడాలి. మీ నోట్‌బుక్‌లోనే ఉండిపోతే దండగ. బయటికి పొడుచుకొచ్చిన పక్కటెముకలు వర్ణించండి. "గుర్రాన్ని వదిలి పొండి!" అని ఒకడితో అరిపించండి.

4. బేరం కుదరనివ్వండి. ఎవరైనా ఎండుమాంసం మూట విసిరితే గాబ్లిన్లు దాని మీదికి ఎగబడాలి. ఎక్స్‌పీ (పాత్రలు ఎదగడానికి ఇచ్చే అనుభవ పాయింట్లు) మాత్రం చంపినప్పుడు ఎంతో అంతే ఇవ్వండి. కోత పెట్టారా, వచ్చేసారి మూట విసిరేవాడు ఉండడు.

మరి ఆకలీ భయమూ లేని అస్థిపంజరాలో? వాటికి కోరిక బదులు ఒక ఆజ్ఞ రాసుకోండి: "ఈ తలుపు ఎవరినీ దాటనివ్వకు." ఇక గడప ఇవతల ఆటగాళ్లు నిప్పు రాజేసి వంట చేసుకున్నా అవి కదలవు.