మిద్దె మీద టమాటా, మిరప: నెల చూసి నాటండి, ఆకు తిప్పి చూడండి

మిద్దెతోట మొదలుపెట్టినవాళ్లు చాలామంది ఫిబ్రవరిలో టమాటా నారు తెచ్చి నాటుతారు. మొక్క ఏపుగానే పెరుగుతుంది, ఏప్రిల్‌కి పూత కూడా పడుతుంది. ఆ తర్వాత పూలు కాడ మెటిక దగ్గర పసుపెక్కి, ఒక్కొక్కటే రాలిపోతాయి. బలం చాల్లేదనుకుని ఇంకో రెండు గుప్పెళ్లు ఎరువు వేస్తారు. ఆకు పెరుగుతుంది, పూత మాత్రం నిలవదు.

లోపం ఎరువుది కాదు. రాత్రి వేడి 24 డిగ్రీలు దాటితే టమాటాలో పుప్పొడి సరిగా పనిచేయక కాయ కట్టడం తగ్గుతుంది. పగలు 35 దాటితే మరీ కష్టం. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లలో ఈ రెండూ దాటుతాయి. మదనపల్లె వైపు వేసవిలోనూ టమాటా పండుతుందంటే, ఆ ఊరు సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉండటం అందుకో కారణం. హైదరాబాదు మిద్దె మీద, విజయవాడ మిద్దె మీద ఆ చల్లదనం ఉండదు.

అందుకని టమాటా గింజలు ఆగస్టు చివర నుంచి అక్టోబరు లోపు పోసుకోండి. కోస్తాలో రాత్రులు ఆలస్యంగా చల్లబడతాయి కాబట్టి అక్కడ అక్టోబరు నయం. డిసెంబరు నుంచి మార్చి దాకా కాయలు తినొచ్చు. మిరప ఇంత పట్టింపు చేయదు. మృగశిర కార్తె దాటి వానలు పడ్డాక జూన్, జూలైల్లో పోస్తే చాలు. నడివేసవిలో దాని పూత కూడా రాలుతుంది గానీ, మొక్క తట్టుకుని నిలబడుతుంది.

విత్తనం, నారు

టమాటాలో బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క రక్షక్ మిద్దెకు బాగా కుదురుతుంది. ఆకుముడత వైరస్, బ్యాక్టీరియా ఎండు తెగులు, ఆకుమాడు తెగులు మూడింటినీ చాలావరకు తట్టుకుంటుంది. అది హైబ్రిడ్ కాబట్టి దాని కాయ నుంచి గింజ దాచుకుంటే మళ్లీ అదే రకం రాదు. గింజ దాచుకోవాలనుకుంటే పూసా రూబీ వేసుకోండి. పచ్చిమిర్చికి పూసా జ్వాల, జి-4 బాగుంటాయి. ఎండుమిర్చి కూడా కావాలంటే గుంటూరు లాం ఫారం రకం ఎల్‌సీఏ-334. వంటింటి డబ్బాలో ఎండుమిర్చి గింజలు ఒక్కోసారి మొలుస్తాయి గానీ, నమ్ముకోదగ్గవి కావు.

ప్రోట్రేలో (నారు పోసే చిన్న గుంతల ట్రే) మూడు పాళ్లు కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు), ఒక పాలు వర్మీకంపోస్టు (వానపాముల ఎరువు) నింపి, గింజను అర సెంటీమీటరు లోతున పెట్టండి. టమాటా వారంలోపే మొలుస్తుంది, మిరపకు పది, పన్నెండు రోజులు పడుతుంది. మొలవలేదని మిరప ట్రేలో రోజూ నీళ్లు కుమ్మరిస్తే గింజ కుళ్లుతుంది. మొలిచినవి కూడా మొదలు దగ్గర మెత్తబడి పడిపోతాయి. పైన తడి ఆరుతున్నప్పుడు మాత్రమే చిలకరించండి.

నారు మీద సన్న రంధ్రాల నైలాన్ దోమతెర కప్పడం చాలామంది వదిలేసే పని. ముడత వైరస్‌ని మోసేది తెల్లదోమ. నారు దశలోనే అది సోకితే ఆ మొక్క గిడసబారి, కాపు లేకుండానే పోతుంది. యాభై రూపాయల తెర ముక్క తర్వాత కొట్టే మందులన్నిటికంటే ఎక్కువ పనిచేస్తుంది.

బ్యాగు, మట్టి, నాటు

టమాటాకి 15 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల లోతున్న గ్రో బ్యాగు కావాలి. కనీసం అడుగున ఆరేడు రంధ్రాలు పెట్టిన 20 లీటర్ల పెయింట్ బకెట్ అయినా ఉండాలి. మిరపకు 12 అంగుళాలది సరిపోతుంది. ఒక్కో బ్యాగులో ఒక్కటే మొక్క. తడిసిన పెద్ద బ్యాగు దాదాపు 40 కిలోలు తూగుతుంది కాబట్టి స్లాబు నడుమ గుంపుగా పెట్టకుండా గోడల మీదుగా, దూలాల మీదుగా వరసగా పేర్చండి.

రెండు పాళ్లు ఎర్రమట్టికి ఒక పాలు కోకోపీట్, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు. బ్యాగుకు 100 గ్రాముల వేపపిండి. పచ్చి పేడ వేస్తే వేడికి వేళ్లు మాడతాయి, వేరుపురుగూ వస్తుంది. కోకోపీట్ ఇటుకను నానబెట్టి రెండుసార్లు పిండి కడగండి, అందులో ఉప్పు ఉంటుంది. నిరుడు వంగ, టమాటా, మిరప పెరిగిన మట్టిలో మళ్లీ వీటినే పెట్టకండి. అవన్నీ ఒకే కుటుంబం, తెగుళ్లూ ఒకటే.

టమాటా నారును 25 రోజులకు, మిరపను 40 రోజులకు అటూ ఇటూగా సాయంత్రం పూట నాటండి. టమాటాకు కింది ఆకులు గిల్లేసి, కాండం సగం పైగా మట్టిలో దిగేలా పెట్టాలి. పాతిన కాండమంతా వేళ్లు తొడుగుతుంది. మిరపను అలా లోతుగా పాతకండి, ట్రేలో ఎంత లోతున ఉందో అంతే. టమాటాకి నాటిన రోజే ఐదడుగుల కర్ర పాతేయండి. తర్వాత గుచ్చితే వేళ్లు తెగుతాయి.

నీళ్లు, పోషణ

టమాటాకి తడి ఎప్పుడూ ఒకే తీరున ఉండాలి. రెండు రోజులు ఎండబెట్టి మూడో రోజు బిందెడు పోస్తే కాయ పగులుతుంది, లేదా కాయ అడుగున నల్లటి తోలులాంటి మచ్చ పడుతుంది. ఆ మచ్చ తెగులు కాదు. నీళ్ల ఒడిదుడుకుల వల్ల కాల్షియం కాయ కొసదాకా చేరలేదన్నమాట. దానికి ఎప్సమ్ సాల్ట్ వేయమనే సలహా తిరుగుతోంది, వినకండి. అందులో ఉండేది మెగ్నీషియం, అది కాల్షియానికి ఇంకా అడ్డు పడుతుంది. కోడిగుడ్డు పెంకులు కరగడానికి నెలలు పడుతుంది. మొక్క మొదలు చుట్టూ రెండంగుళాల మందాన వరిగడ్డో ఎండాకులో పరిచి, రోజూ పొద్దున నీళ్లు పోస్తే తర్వాతి కాయలు శుభ్రంగా వస్తాయి.

మిరపకు వేలు రెండు కణుపులు గుచ్చి, పొడిగా తగిలితేనే పోయండి. మట్టి తడిగా ఉండీ ఆకు వాలుతోందంటే వేరు కుళ్లుతోందని అర్థం. అప్పుడు ఇంకో చెంబు పోశారో, ఆ మొక్క దక్కదు.

నాటిన మూడు వారాల తర్వాత పదిహేను రోజులకోసారి గుప్పెడు వర్మీకంపోస్టు. జీవామృతం (పేడ, గోమూత్రం, బెల్లం, పప్పు పిండి పులియబెట్టిన ద్రవం) ఉంటే ఒకటికి పది నీళ్లు కలిపి మొక్క మొదలు దగ్గర పోయండి. పూత మొదలయ్యాక పేడ ఎరువులు తగ్గించండి. కట్టెల బూడిద పొటాష్ కోసం మంచిదే గానీ, బోరు నీళ్లు పోసి మట్టి పైన తెల్లపొర కట్టిన బ్యాగుల్లో వేయకండి.

మిరప ముడత

ముడత వచ్చిందని ఏదో ఒక మందు కొట్టేముందు ఆకు ఎటు ముడిచిందో చూడండి. అంచులు పైకి లేచి దొప్పలా ఉంటే తామర పురుగులు. అంచులు కిందికి వంగి, ఆకు బోర్లించిన పడవలా సన్నగా సాగితే నల్లి (ఆకు రసం పీల్చే, కంటికి ఆనని సాలీడు జాతి పురుగు). ఆకులు చిన్నవై, ఈనెలు పసుపెక్కి, మొక్క కురచబడితే జెమిని వైరస్, అంటే తెల్లదోమ మోసే ముడత వైరస్. తామర పురుగు అనుమానమైతే తెల్లకాగితం మీద పువ్వును తట్టండి. సూదిమొనంత పురుగులు పరిగెత్తుతాయి. 2021లో గుంటూరు, ఖమ్మం మిరప చేలను దెబ్బతీసిన నల్ల తామర పురుగు పువ్వులోనే దాక్కుంటుంది, అందుకే ఆకు మీద కొట్టిన మందు దానికి అంతగా తగలదు.

తామరకు నీలం జిగురు అట్టలు, తెల్లదోమకు పసుపువి కట్టండి. ఐదు మిల్లీలీటర్ల వేపనూనెను ఒక మిల్లీలీటరు ద్రవ సబ్బుతో బాగా గిలక్కొట్టి లీటరు నీళ్లలో కలపండి. సాయంత్రం ఆకు అడుగున తడిసేలా, ఐదారు రోజుల ఎడంతో మూడుసార్లు కొట్టండి. నల్లికి నీటిలో కరిగే గంధకం లీటరుకు మూడు గ్రాములు. ఎండ ముదిరిన రోజుల్లో గానీ, వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు గానీ గంధకం వాడితే ఆకు మాడుతుంది. వైరస్ సోకిన మొక్కకు మందు లేదు. పీకి కవరులో కట్టి పారేయండి, కంపోస్టులో వేయకండి.

కాపు

టమాటా పూత మీద ఉన్నప్పుడు పొద్దున తొమ్మిది గంటల ప్రాంతంలో గుత్తిని వేలితో మెల్లగా తట్టితే కాయ బాగా కడుతుంది. కర్రకు కట్టి పెంచే తీగ రకాలకు పంగల్లో పిలకలు గిల్లండి. పొద రకాలకు గిల్లితే కాపే తగ్గుతుంది. కాయను కప్పే ఆకులు తీయకండి, ఎండకు కాయ తెల్లగా మాడుతుంది. పగటి వేడి 32 దాటే రోజుల్లో టమాటాకు ఎర్ర రంగు సరిగా రాదు. అడుగున గులాబీ ఛాయ కనబడగానే కోసి, నీడలో గంపలో పండబెట్టండి.

పచ్చిమిర్చి తొడిమతో సహా కోస్తూ ఉంటే కొత్త పూత వస్తూనే ఉంటుంది. అన్నీ పండనిస్తే మొక్క పూయడం తగ్గిస్తుంది. మిరపను ఏడాది తిరగ్గానే పీకేయక్కర్లేదు. రోహిణి కార్తె ఎండలకు నీడలోకి జరిపి కాపాడుకుని, తొలి వానలు పడ్డాక అడుగు ఎత్తున కత్తిరించి, పై మట్టి రెండంగుళాలు తీసేసి కొత్త ఎరువు నింపండి. నెల తిరిగేసరికి కొత్త కొమ్మలు పూతకొస్తాయి.