ఆగిపోయిన ఎస్ఎంపీఎస్ విప్పే ముందు ఇవి చూసుకోండి

ఈదురుగాలులు మొదలయ్యాయంటే చాలు, మా టేబుల్ మీదకి చచ్చిపోయిన టీవీలు, కంప్యూటర్ ఎస్ఎంపీఎస్‌లు (మెయిన్ కరెంట్‌ని తక్కువ డీసీగా మార్చే సప్లై బోర్డ్‌లు) రిపేర్‌కి వరసపెట్టి వస్తాయి. ఎక్కడో కొమ్మ విరిగి పడి న్యూట్రల్ తెగుతుంది, 230 ఉండాల్సిన వోల్టేజ్ కొన్ని ఇళ్లలో 400 దాకా పోతుంది, ఇంక సప్లై బోర్డ్ ఏం తట్టుకుంటుంది. ఇప్పుడు చాలామంది కుర్రాళ్లు వీడియోలు చూసి ఇంట్లోనే విప్పేస్తున్నారు, నేర్చుకోండి, నేనూ విప్పే నేర్చుకున్నా, కానీ ముందు ఇది చదవండి.

"పనిచెయ్యట్లేదు కదా, ప్లగ్ కూడా పీకేశా, ఇంకా కరెంట్ ఎక్కడుంటుంది" అనుకుంటారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. 230 ఏసీ బ్రిడ్జ్ (ఏసీని డీసీ చేసే డయోడ్‌లు) దాటాక సుమారు 325 వోల్టుల డీసీ అయ్యి పెద్ద కండెన్సర్‌లో (కెపాసిటర్) నిలవుంటుంది. బాగున్న సప్లై అయితే ప్లగ్ తీశాక ఆ ఛార్జ్‌ని తనే వాడేసుకుని ఆగుతుంది. ఫ్యూజ్ బాగానే ఉండి స్టార్టప్ రెసిస్టర్ (సప్లై మొదలవ్వడానికి తొలి కరెంట్ ఇచ్చేది) ఓపెన్ అయ్యి, అంటే లోపల తెగి, ఆగిపోయిన బోర్డ్‌లో దాన్ని వాడేదే ఉండదు, ఎక్కించిన ఛార్జ్ చాలాసేపు అట్లాగే ఉండిపోతుంది.

నాకు తగిలింది కాబట్టే ఇంతగా చెప్తున్నా. ఒక ఎల్ఈడీ టీవీ బోర్డ్, ప్లగ్ తీసి టీ తాగొచ్చా, పావుగంట అయ్యిందిలే అని బోర్డ్ తిరగేసి పట్టుకున్నా, బొటనవేలు సరిగ్గా కండెన్సర్ కాళ్ల మీద పడింది. భుజం దాకా లాగేసింది, బోర్డ్ ఎగిరి గోడకి తగిలింది, వేలి మీద రెండు తెల్లటి కాలిన చుక్కలు వారం రోజులు ఉన్నాయి. 100 మైక్రోఫారడ్ 450 వోల్టుల మామూలు కండెన్సర్ అది.

అందుకే 2.2 కిలోఓమ్ 10 వాట్ల రెసిస్టర్‌కి రెండు వైపులా ఇన్సులేషన్ ఉన్న వైర్లు కట్టి పెట్టుకోండి, కండెన్సర్ రెండు కాళ్ల మీద అయిదారు సెకన్లు ఆనించండి, తర్వాత మీటర్ డీసీ పెద్ద రేంజ్‌లో పెట్టి కొలవండి, అయిదు వోల్టుల కిందకి వచ్చాకే చెయ్యి పెట్టండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చెయ్యొద్దు, నిప్పురవ్వ కంట్లోకి వస్తుంది, ట్రాక్ కూడా లేచిపోతుంది.

ఫ్యూజ్ లోపల నల్లగా మాడి ఉంటే గట్టి షార్ట్ ఉన్నట్టే, దాని బదులు వైర్ ముక్క పెట్టొద్దు. బ్రిడ్జ్, మాస్‌ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్), వేరిస్టర్ (ఎక్కువ వోల్టేజ్‌ని అడ్డుకునేది) చెక్ చెయ్యండి. మాస్‌ఫెట్ పోయిందంటే దాని సోర్స్ దగ్గర ఉండే చిన్న రెసిస్టర్, కంట్రోల్ ఐసీ కూడా చూడాలి, లేకపోతే కొత్తది పెట్టిన సెకన్‌లో టప్‌మంటుంది.

రిపేర్ అయ్యాక డైరెక్ట్‌గా ప్లగ్‌లో పెట్టకండి, సిరీస్ బోర్డ్‌లో (కరెంట్ బల్బ్ గుండా పోయాకే సప్లైకి అందేలా కట్టిన బోర్డ్) 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బ్ పెట్టి ఇవ్వండి, ఎల్ఈడీ బల్బ్ ఇక్కడ పనికిరాదు. బల్బ్ ఒక్కసారి మెరిసి మసకబారితే సరే, ఫుల్‌గా వెలుగుతూనే ఉంటే షార్ట్ ఇంకా పోలేదు. ఆ టైంలో మొహం బోర్డ్ మీదకి వంచకండి, కండెన్సర్ పేలితే పైకే చిమ్ముతుంది. కరెంట్ ఉన్నప్పుడు కొలవాల్సొస్తే నల్ల ప్రోబ్ క్లిప్‌తో ముందే తగిలించి ఒక్క చేత్తోనే కొలవండి, రెండో చెయ్యి జేబులో పెట్టుకోండి, కాళ్లకి చెప్పులు వేసుకోండి, పక్కన ఇంకో మనిషి ఉండాలి.

ప్రైమరీ (మెయిన్ కరెంట్ వైపు) గ్రౌండ్ వేరు, సెకండరీ (తక్కువ వోల్టేజ్ బయటికొచ్చే వైపు) గ్రౌండ్ వేరు. ప్రైమరీలో కొలిచేటప్పుడు నల్ల ప్రోబ్ పెద్ద కండెన్సర్ మైనస్ మీదే పెట్టాలి. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (బోర్డ్‌ని మెయిన్ లైన్ నుంచి విడదీసేది) లేకుండా ఆసిలోస్కోప్ క్లిప్ అక్కడ పెడితే పెద్ద పేలుడే, ఆ క్లిప్ ఎర్త్‌కి కలిసి ఉంటుంది, దాని కోసమని స్కోప్ ఎర్త్ పిన్ విరిచేసే వాళ్లున్నారు, దయచేసి ఆ పని చెయ్యొద్దు, స్కోప్ బాడీ మొత్తానికి కరెంట్ వస్తుంది.

ఇంకోటి, రెండు గ్రౌండ్‌ల మధ్య నీలం రంగు చిన్న కండెన్సర్ ఉంటుంది, వై క్లాస్, అంటే షార్ట్ అవ్వకుండా ఉండేలా చేసిన సేఫ్టీ రకం. అది పోతే మళ్లీ వై క్లాస్‌దే వెయ్యండి. మామూలు సిరామిక్‌ది వేస్తే టీవీ ఆడుతుంది, కానీ అది ఎప్పుడైనా షార్ట్ అయితే ఆ 325 వోల్టుల వైపు నుంచి కరెంట్ నేరుగా హెచ్‌డీఎంఐ పోర్ట్ దాకా వస్తుంది, అక్కడ చెయ్యి పెట్టేది పిల్లలు కూడా కావచ్చు.