భుజం మీద స్టార్లు పడ్డాక మొదటి రెండేళ్లు: కోర్స్‌మేట్ల దగ్గర పేరు పోగొట్టుకోకుండా ఉండటం ఎలా

డెహ్రాడూన్ ఇండియన్ మిలిటరీ అకాడమీ (ఐఎంఏ)లో జూన్‌లోనో డిసెంబర్‌లోనో పరేడ్ అయిపోతుంది, అంతిమ్ పగ్ (అకాడమీలో వేసే ఆఖరి అడుగు) దాటేస్తారు, అమ్మా నాన్నా వచ్చి భుజాల మీద స్టార్లు పెడతారు, ఆ ఫోటో సాయంత్రానికల్లా ఊళ్లో అందరి ఫోన్లలోకీ చేరిపోతుంది. బాగుంటుంది ఆ రోజు. కాకపోతే ఆ రోజుకే మీ కోర్స్‌మేట్లు మీ గురించి ఒక అభిప్రాయానికి వచ్చేసి ఉంటారు, అదేంటో మీకెవరూ చెప్పరు. ఖడక్‌వాస్లాలోని ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) నుంచి వచ్చినవాళ్లైతే అక్కడ మూడేళ్లు, ఐఎంఏలో ఇంకో ఏడాది, మొత్తం నాలుగేళ్లు మీతో పాటు తిన్నవాళ్లు, పరిగెత్తినవాళ్లు, తిట్లు పడ్డవాళ్లు మరి. ఇంటి నుంచి వచ్చిన సున్నుండల డబ్బా ఎవడు పరుపు కింద దాచాడో, క్యాంపులో పక్కవాడు కూలబడితే వాడి రైఫిల్ ఎవడు మోశాడో, అప్పుగా తీసుకున్న 500 ఎవడు ఎగ్గొట్టాడో ఎవరూ మర్చిపోరు.

నేను 22 ఏళ్లు యూనిఫాం వేసుకుని బయటికొచ్చినవాణ్ణి. కోరుకొండ, కలికిరి సైనిక్ స్కూళ్లలో చదివినవాళ్లు, ఎన్‌సీసీ నుంచి ఎస్‌ఎస్‌బీ (ఆఫీసర్ల ఎంపిక ఇంటర్వ్యూ) కొట్టి వెళ్లినవాళ్లు కమిషన్‌కి ముందు ఫోన్ చేస్తుంటారు. ఏ ఆర్మ్ (సైన్యంలో ఏ విభాగం) తీసుకోవాలి సార్, మొదటి పోస్టింగ్ ఎక్కడొస్తే మంచిది, ఇవే ప్రశ్నలు. పేరు ఎలా కాపాడుకోవాలని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. అడగకపోయినా చెప్తున్నా.

ముందు కోర్స్‌మేట్లే ఎందుకు ముఖ్యమో అర్థం కావాలి. లెఫ్టినెంట్‌గా చేరిన రెండేళ్లకి కెప్టెన్, ఆరేళ్లకి మేజర్, 13 ఏళ్లకి లెఫ్టినెంట్ కల్నల్. నిర్ణీత పరీక్షలూ అవీ పాసైతే ఇదంతా సర్వీసు లెక్కన వచ్చేదే, అందరూ దాదాపు కలిసే నడుస్తారు. కల్నల్ దగ్గరికొచ్చేసరికి సెలక్షన్ బోర్డు. అక్కడ బ్యాచ్ మొత్తాన్ని ఒక్కసారే పక్కపక్కన పెట్టి చూస్తారు, కొందరు వెళ్తారు, చాలామంది ఆగిపోతారు. బోర్డు చూసేది రిపోర్టులే, నిజమే. కానీ ఆ రిపోర్టులు రాసే సీఓ (యూనిట్ కమాండింగ్ ఆఫీసర్), మీరు యూనిట్‌కి వస్తున్నారని తెలియగానే చేసే మొదటి పని, తన దగ్గరున్న మీ కోర్సువాణ్ణి పిలిచి "ఎలాంటివాడు వాడు?" అని అడగటం. దానికి వచ్చే జవాబు రెండు ముక్కలే ఉంటుంది. "పర్లేదు సార్, నమ్మొచ్చు" అనైనా వస్తుంది, లేదా వాడు ఒక్క క్షణం ఆగి "తెలివైనవాడే సార్" అంటాడు. ఆ ఆగిన క్షణంలోనే సీఓకి మొత్తం అర్థమైపోతుంది. ఆర్డర్ ఆఫ్ మెరిట్‌లో (అకాడమీ ర్యాంకుల్లో) మీ నంబర్ ఎంతో, బెస్ట్ క్యాడెట్‌కిచ్చే స్వార్డ్ ఆఫ్ ఆనర్ ఎవడికొచ్చిందో అప్పుడు ఎవరూ అడగరు.

డబ్బు సంగతి

పేర్లు ఎక్కువగా పోయేది ఇక్కడే, అదీ లక్షల దగ్గర కాదు, వందల దగ్గర. ఐఎంఏ చెట్‌వుడ్ హాల్లో రాసి ఉన్న మూడు వాక్యాలు మీకు నిద్రలో లేపి అడిగినా వస్తాయి: దేశం ముందు, మీ కింద ఉన్న జవాన్లు తర్వాత, మీ సుఖం ఎప్పుడూ ఆఖరు. మొదటి వాక్యానికి పరీక్ష వచ్చేది యుద్ధం వచ్చినప్పుడు. మూడోదానికి పరీక్ష ప్రతి నెలా మెస్ బిల్లు రూపంలో వస్తుంది.

మెస్ బిల్లు వచ్చిన రోజే కట్టేయండి. జీతం పడ్డాక, పండగయ్యాక అని వాయిదా వేయొద్దు. మీ పేరు బాకీల లిస్టులో రెండో నెల కూడా కనిపిస్తే మెస్ హవల్దార్‌కి తెలుస్తుంది, అతనికి తెలిస్తే బారక్ మొత్తానికి తెలుస్తుంది. మీరు రెండు పెగ్గులు తాగి ఒకటే రాయించారన్న సంగతి వెయిటర్ సీఓకి చెప్పడు, తన పక్క మంచం వాడికి చెప్తాడు, అది ఇంకా ప్రమాదం.

టీఏ డీఏ (ప్రయాణ ఖర్చుల) క్లెయిములు. బస్సులో వెళ్లి టాక్సీ అని రాయడం, కోర్స్‌మేట్ ఇంట్లో పడుకుని హోటల్ బిల్లు పెట్టడం, ఇవన్నీ "అందరూ చేసేదే" అని మీకు ఎవరో ఒక సీనియర్ ధైర్యం చెప్తాడు. చెప్పినవాడు మీ క్లెయిమ్ మీద సంతకం పెట్టడు, గమనించండి. ఆర్మీ చట్టం 1950లో 57వ సెక్షన్ ఇలాంటి దొంగ కాగితాల గురించే. ఆఫీసర్ హోదాకి తగని ప్రవర్తన అంటే 45వ సెక్షన్. ఈ నంబర్లు పరీక్ష కోసం చదివి వదిలేసినవి కదా, ఒకసారి తీసి నెమ్మదిగా మళ్లీ చదవండి. కాకిలెక్కలు రాసి దొరికిపోయిన ఆఫీసర్‌ది ఎంత చిన్న మొత్తమైనా, దొరికాక ఎవడూ మొత్తం గురించి మాట్లాడడు.

ఇక మన తెలుగువాళ్లకి ప్రత్యేకంగా వచ్చే గండం ఒకటుంది, ఆర్మీ క్యాంటీన్‌లో తక్కువ ధరకి దొరికే మందు. మీరు సెలవుకి ఇంటికొస్తున్నారని తెలియగానే బాబాయ్ ఫోన్ చేస్తాడు, మామయ్య చేస్తాడు, నాన్నగారి ఆఫీసులో పెద్దాయన కూతురి పెళ్లికని కబురొస్తుంది. "రెండు కేసులే కదరా, నీకో లెక్కా?" అంటారు. లెక్కే. అది మీ కోటా, మీ వాడకానికి, బయట అమ్మినా అమ్మించినా నేరం, మీ పేరు మీద కొన్న సీసా ఊళ్లో ఎవడి చేతిలో దొరికినా ప్రశ్నలు వచ్చేది మీకే. నేను మొదటి సెలవులోనే అమ్మ ముందు కూర్చుని, ఆవిడే నలుగురికీ చెప్పేలా ఒక మాట చెప్పేశాను: "క్యాంటీన్ సరుకు బయటివాళ్లకి ఇస్తే నా ఉద్యోగానికే ఇబ్బంది." కొంచెం పెంచి చెప్పినట్టే అనిపించొచ్చు, అబద్ధం మాత్రం కాదు. ఆరు నెలలు అందరూ మొహం ముడుచుకున్నారు, తర్వాత అడగడం మానేశారు. ఒక్కసారి ఇచ్చి ఉంటే మాత్రం రిటైరయ్యేదాకా ఇస్తూనే ఉండేవాణ్ణి.

చూడనిదానికి సంతకం పెట్టకండి

ఇది నా తప్పు కాబట్టి వివరంగా చెప్తా. యూనిట్‌లో చేరిన నాలుగో నెల. ఒక సీనియర్ కోర్సుకి వెళ్తూ మా కంపెనీ (యూనిట్‌లో ఒక భాగం) స్టోర్ నాకు అప్పగించాడు. సాయంత్రం అయిదు, బయట బండి స్టార్ట్ చేసి ఉంది, ఆయన భుజం తట్టి "అన్నీ ఉన్నాయి, సైన్ చేసెయ్" అన్నాడు. చేసేశాను. మూడు వారాల తర్వాత మనుషుల్ని పైన ఎత్తైన చలి ప్రాంతాలకి పంపే టైమొచ్చి లెక్క చూస్తే 11 స్లీపింగ్ బ్యాగులు తక్కువ. కాగితం ప్రకారం అవి నా దగ్గర ఉన్నాయి. ఆ సీనియర్ ఫోన్‌లో "నేనిచ్చినప్పుడు ఉన్నాయే" అన్నాడు, అంతే.

స్టోర్ చూసే ఎన్‌సీఓ (హవల్దార్ స్థాయి సైనికుడు) మెల్లిగా ఒక దారి చూపించాడు: పాత చిరిగినవాటితో కలిపి రాసేద్దాం సాబ్, పాత సామాను చూసే బోర్డు వచ్చినప్పుడు లెక్కలోంచి కొట్టేస్తారు. ఆ రాత్రంతా టెన్షన్‌తో నిద్రలేదు. పొద్దున్న పీటీ అవ్వగానే సీఓ దగ్గరికెళ్లి, లెక్క చూడకుండా సంతకం పెట్టాను సార్, 11 తక్కువ ఉన్నాయి అని చెప్పాను. తిట్లు గట్టిగానే పడ్డాయి, నా జేబులోంచి డబ్బూ పోయింది. కానీ ఆ ఎన్‌సీఓ, ఆ తర్వాత నాలుగేళ్లలో నాకు అలాంటి దారి మళ్లీ ఎప్పుడూ చూపించలేదు.

సీనియర్ తొందరపెడితే ఏమనాలో ముందే నోటికి వచ్చి ఉండాలి, లేకపోతే ఆ క్షణంలో మాట రాదు. "సార్, రేపు పొద్దున ఆరింటికి స్టోర్ తెరిపించి, లెక్క చూసుకుని సంతకం పెట్టి మీకు పంపిస్తాను." మర్యాదగానే ఉంది కదా. దీనికి కోపం తెచ్చుకునే సీనియర్ దగ్గరైతే రెండుసార్లు లెక్కపెట్టండి.

బీపీఈటీ (ఆర్మీ ఫిట్‌నెస్ పరీక్ష) టైములూ అంతే. అయిదు కిలోమీటర్లు రైఫిల్‌తో పరిగెత్తి మీరు అర నిమిషం ఆలస్యంగా వస్తే, టైమ్ రాసే ఉస్తాద్ మీ మొహం చూసి "ఎంత రాయమంటారు సాబ్?" అన్నట్టు పెన్ను ఆపుతాడు. మీ వెనకే పరిగెత్తుకొస్తున్న ముప్పై మంది జవాన్లకి మీ అసలు టైమ్ తెలుసు. ఎంతైతే అంత రాయమనండి, వచ్చే నెల మళ్లీ పరిగెత్తండి.

చెడ్డ కబురు విషయంలో ఒకటే పద్ధతి, ముందు మీ నోటి నుంచే వెళ్లాలి. బండి గోడకి గుద్దింది, జవాన్ సెలవు దాటినా రాలేదు, రేంజ్‌లో పొరపాటున రౌండ్ పేలింది, ఏదైనా సరే పూర్తి వివరాలు వచ్చేదాకా ఆగకుండా "ఇది జరిగింది, ఇది చేశాను, ఇది నాకింకా తెలియదు" అని మూడు ముక్కలు చెప్పేయండి. కంపెనీ కమాండర్‌కి మీ ద్వారా కాక సుబేదార్ మేజర్ సాబ్ ద్వారా తెలిస్తే, తర్వాత మీరు చెప్పేదంతా సంజాయిషీలాగే వినిపిస్తుంది.

కోర్స్‌మేట్ తప్పు చేస్తే

అన్నిటికంటే కష్టం ఇదే, నాకూ దీనికి శుభ్రమైన జవాబు లేదు. కోర్స్‌మేట్‌ని పట్టివ్వడం అంటే మనలో ఎవరికీ చేతులు రావు, రాకూడదు కూడా అని మనకి మొదటి టర్మ్ నుంచే నూరిపోస్తారు. ఒకడు చేసిన పనికి కోర్సు మొత్తం రగడా తిన్న రోజులున్నాయి కదా. కానీ శిక్ష పంచుకోవడం వేరు, అబద్ధం పంచుకోవడం వేరు. అమెరికాలో వెస్ట్ పాయింట్ క్యాడెట్ల నియమంలో అబద్ధం ఆడను, మోసం చెయ్యను, దొంగతనం చెయ్యను అనడంతో ఆగరు, చేసేవాళ్లని సహించను అని కూడా ఉంటుంది. 1951లో అక్కడ పరీక్షల కాపీ వ్యవహారంలో 90 మంది క్యాడెట్లు బయటికి పోయారు, చాలామంది ఫుట్‌బాల్ టీమువాళ్లు. స్వయంగా కాపీ కొట్టకుండా, తెలిసి నోరు మూసుకున్నందుకు పోయినవాళ్లూ అందులో ఉన్నారు. అంత కఠినం మంచిదేనా అంటే నాకు అనుమానమే.

నేను పాటించింది ఇది. ముందు వాడి గదికి ఒంటరిగా వెళ్లండి, తలుపేసి, మీకు తెలిసింది సూటిగా చెప్పండి. రేపు సాయంత్రంలోగా నువ్వే వెళ్లి చెప్పు, కావాలంటే తలుపు దాకా నేనొస్తా అనండి. వాడు వెళ్తే ఆ సంగతి జీవితంలో ఇంకెవరి దగ్గరా ఎత్తకండి, పెళ్లాం దగ్గర కూడా. వెళ్లకపోతే మీరే వెళ్లండి, వెళ్తున్నానని వాడికి చెప్పి మరీ వెళ్లండి. ఈ ఒక్కరోజు గడువు డబ్బు, కాగితాల తప్పులకి మాత్రమే. ఆయుధం, మందుగుండు మాయమైనా, ఎవరి ప్రాణానికైనా ముప్పున్నా, ఆడపిల్లతో తప్పుగా ప్రవర్తించినా గడువు లేదు, ఆ గంటలోనే చెప్పాలి.

కోర్సు వాట్సాప్ గ్రూపు గురించి కూడా ఓ మాట. లేని మనిషి గురించి మొదలయ్యే ముచ్చట్లలో నవ్వే బొమ్మ పెట్టినా మీరు చేరినట్టే. ముఖ్యంగా మన లేడీ ఆఫీసర్ల గురించి. ఓటీఏ (ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ) నుంచి వాళ్లు 1990ల నుంచే వస్తున్నారు, ఎన్‌డీఏ నుంచి మొదటి 17 మంది 2025 మేలో పాసయ్యారు, వాళ్లూ కోర్స్‌మేట్లే. "ఇది ఆపండి" అని ఒక్క లైను రాస్తే చాలు, గ్రూపు కాసేపు చల్లబడుతుంది, పర్లేదు.

మీ పేరు మీదికే వస్తే

ఏ తప్పూ చేయకపోయినా వస్తుంది. 1932లో ఐఎంఏ మొదలైనప్పుడు మొదటి బ్యాచ్ 40 మంది, అందులో ముగ్గురు తర్వాత మూడు దేశాల సైన్యాలకి అధిపతులయ్యారు: మనకి మానెక్‌షా, పాకిస్తాన్‌కి ముహమ్మద్ మూసా, బర్మాకి స్మిత్ డన్. ఆ మానెక్‌షా మీదే, వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీ కమాండెంట్‌గా ఉన్నప్పుడు, దేశభక్తి లేదని ఆరోపణలతో విచారణ జరిగింది. మెస్‌లో సరదాగా అన్న మాటలు కూడా కాగితాల మీదికెక్కాయి. విచారణ చేసిన దౌలత్ సింగ్ ఆరోపణల్లో పస లేదని తేల్చేశారు, ఆ తర్వాత 1969లో మానెక్‌షా ఆర్మీ చీఫ్ అయ్యారు. నోరు కొంచెం ఎక్కువున్న ఆఫీసర్లు ఈ కథ గుర్తుపెట్టుకోవాలి, రెండు రకాలుగానూ.

కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీలో (ఆర్మీ తనలో తాను వేసే విచారణలో) మీ పేరు వస్తే కంగారుపడి సీనియర్లకి ఫోన్లు కొట్టకండి. ఆర్మీ రూల్స్ 1954లో 180వ రూల్ తెరవండి. మీ ప్రవర్తనకి గానీ సైనికుడిగా మీ పరువుకి గానీ దెబ్బ తగిలేలా ఉంటే, విచారణ జరిగినంతసేపూ కూర్చునే హక్కు, మీ వాంగ్మూలం ఇచ్చే హక్కు, మీకు వ్యతిరేకంగా చెప్పేవాళ్లని ప్రశ్నించే హక్కు, మీ తరఫు సాక్షుల్ని తెచ్చుకునే హక్కు ఆ రూలే ఇస్తుంది. మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి. రోజూ జరిగింది తేదీలతో నోట్‌బుక్‌లో రాసుకోండి. సాక్షులతో బయట మాట్లాడకండి, మంచి ఉద్దేశంతో మాట్లాడినా అది వేరేలా కనిపిస్తుంది.

నిజంగానే తప్పు చేసి ఉంటే? మా కోర్సులో ఒకడు అకాడమీలో కాపీ కొడుతూ దొరికి రెలిగేట్ అయ్యాడు. ఆరు నెలలు వెనక్కి, జూనియర్లతో పాసయ్యాడు. ఎందుకు వెనకబడ్డావని ఎవరడిగినా మోకాలి నొప్పి అనో జ్వరం అనో చెప్పలేదు, "కాపీ కొట్టి దొరికాను" అనేవాడు, అడగనివాళ్లకి కూడా. మొదట్లో మాకే ఇబ్బందిగా ఉండేది. కోర్సు 25 ఏళ్ల కలయికకి డబ్బులు వసూలు చేయాల్సొచ్చినప్పుడు, ఎవరి ఖాతాలో వేద్దాం అని గ్రూపులో అడిగితే పది నిమిషాల్లో అందరూ రాసింది అతని పేరే. ఫంక్షన్ అయ్యాక టెంటువాడి బిల్లు దగ్గర్నుంచి మినరల్ వాటర్ దాకా లెక్క పంపించి, మిగిలింది భాగాలేసి తలా 212 రూపాయలు తిరిగి వేశాడు.