ఫారం నింపినా వివరాలు చేరడం లేదా? ఎక్కడ ఆగాయో ఇలా పట్టుకోండి

తిరుపతిలో ట్రావెల్స్ నడిపే మిత్రుడి వెబ్‌సైట్‌లో కారు బుకింగ్ ఫారం ఒకరోజు మొరాయించింది. కొందరి బుకింగులు వస్తున్నాయి, కొందరివి రావడం లేదు. బటన్ నొక్కితే ఖాళీ ఫారమే మళ్ళీ కనిపిస్తోంది. కోడ్ తెరిచి తోచినచోటల్లా మార్చి ఒక పూట వృథా చేశాం. మీరు అలా చేయకండి. ముందు వివరాలు ఎక్కడిదాకా వెళ్ళాయో చూడండి.

1. అసలు బయలుదేరాయా?
కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి ఎఫ్12 నొక్కి, ‘నెట్‌వర్క్’ విభాగంలో (బ్రౌజర్ సర్వర్‌కు పంపేవన్నీ ఇక్కడ వరుసలుగా కనిపిస్తాయి) ‘ప్రిజర్వ్ లాగ్’కు టిక్ పెట్టండి. లేదంటే పేజీ మారగానే జాబితా చెరిగిపోతుంది. ఇప్పుడు ఫారం నింపి పంపండి. కొత్త వరుస ఏదీ రాకపోతే వివరాలు బ్రౌజర్ గడప దాటలేదన్నమాట. పొరపాట్లు చూపే ‘కన్సోల్’ విభాగంలో ఎర్ర అక్షరాలు చూడండి. కనిపించకుండా దాచిన గడిని తప్పనిసరి చేసినా ఇలాగే ఆగిపోతుంది.

2. అన్నీ వెళ్ళాయా?
ఆ వరుస మీద నొక్కి ‘పేలోడ్’ (పంపిన వివరాలు) చూడండి. ఒక గడి విలువ అక్కడ లేకపోతే, కోడ్‌లో దానికి ‘నేమ్’ ఇచ్చారో లేదో చూసుకోండి. ‘ఐడీ’ ఒక్కటే ఉంటే చాలదు. ‘డిసేబుల్డ్’ (వాడకుండా ఆపేసినది) చేసిన గడి విలువ కూడా వెళ్ళదు.

3. సర్వర్ ఏమంది?
అదే వరుసలో సర్వర్ జవాబుగా పంపిన ‘స్టేటస్’ అంకె చూడండి. 404 వస్తే చిరునామా తప్పు. 405 అయితే పంపిన పద్ధతిని సర్వర్ అంగీకరించలేదు. వివరాలు పంపే పద్ధతులైన గెట్, పోస్ట్ తారుమారయ్యాయేమో చూడండి. 413 అంటే పంపినది మరీ పెద్దది. 500 అంటే సర్వర్‌లోనే పొరపాటు, సర్వర్ లాగ్ (అది రాసుకునే చిట్టా) చదవక తప్పదు.

4. 200 (అంతా సరే అని అర్థం) వచ్చినా పని జరగలేదా?
చిక్కంతా ఇక్కడే. మాకు వచ్చింది ఇదే. పాసైన బుకింగ్‌నూ ఆగిన బుకింగ్‌నూ పక్కపక్కన పెట్టి, ఒక్కో గడి మారుస్తూ పంపి చూశాం. జిల్లా దగ్గర దొరికింది దొంగ! తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. ఫారంలోని జాబితాలో ఆ పేరు చేర్చారు కానీ, సర్వర్‌లో సరిచూసే జాబితా పాతదే. అందులో చిత్తూరు ఉంది, తిరుపతి లేదు. తిరస్కరించిన సర్వర్ కారణమైనా చెప్పలేదు. నా దృష్టిలో అసలు తప్పు అదే. రెండు చోట్లా ఒకే జాబితా వాడుకునేలా మార్చాం. తప్పున్న గడి పక్కనే కారణం కనిపించేలా, నింపినవి చెరిగిపోకుండా ఉండేలా చేశాం.

5. తెలుగులో రాసి చూడండి
పేరు గడి ఇంగ్లిషు అక్షరాలనే ఒప్పుకునేలా ఉంటే తెలుగు పేరు అక్కడే ఆగిపోతుంది. దాటినా, డేటాబేస్‌లో ప్రశ్నార్థకాలుగా మారవచ్చు. అప్పుడు, డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ అయితే, పట్టికనూ, దానితో కలిపే కనెక్షన్‌నూ అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్8ఎంబీ4కు మార్చాలి. నిడివిని బైట్లలో కొలిచే కోడ్ ఉంటే అదీ చూడండి: ‘తిరుపతి’ యూటీఎఫ్-8లో 21 బైట్లు.

పరీక్ష కోసం పంపిన బుకింగులను మరవకుండా తీసేయండి. మేము వదిలేసిన ఒకదాని కోసం డ్రైవర్ తెల్లవారుజామున అలిపిరి దాకా వెళ్ళి, ఖాళీ కారుతో తిరిగి వచ్చాడు.